గుణకం అయిదేనా? ఆర్థికశాస్త్ర పాఠ్యప్రణాళికా మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళికా మండలి సభ్యులకు,

నమస్కారం. డిగ్రీ స్థూల అర్థశాస్త్రం సిలబస్ మళ్లీ మీ బల్ల మీదికి వచ్చే వేళ ఈ లేఖ రాస్తున్నాం. అన్ని యూనిట్ల జోలికీ వెళ్లం. బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ ఉన్న యూనిట్ ఒక్కటే మా విషయం.

ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపించే లెక్క ఒకటుంది. ప్రభుత్వం కోటి రూపాయలు పెట్టుబడి పెట్టింది, ఉపాంత వినియోగ ప్రవృత్తి (అదనంగా వచ్చిన రూపాయిలో ఖర్చయ్యే వంతు) 0.8, ఆదాయం ఎంత పెరుగుతుంది? ఒకటిలోంచి 0.8 తీసేస్తే 0.2. ఒకటిని దాంతో భాగిస్తే 5. అదే గుణకం, పెట్టిన డబ్బుకు ఎన్ని రెట్ల ఆదాయం పుడుతుందో చెప్పే అంకె. కాబట్టి అయిదు కోట్లు. నాలుగు లైన్లు, నాలుగు మార్కులు. ఈ జవాబు రాసిన అమ్మాయి సెలవులకు వరికుంటపాడుకో పామూరుకో వెళ్తుంది. అక్కడ నిరుడు కోటి రూపాయలతో సిమెంటు రోడ్డు పడి ఉంటే, అయిదు కోట్ల ఆదాయం ఏ వీధిలో వెతికినా దొరకదు. పుస్తకం అబద్ధమనైనా అనుకోవాలి, పుస్తకానికీ ఊరికీ సంబంధం లేదనైనా అనుకోవాలి. ఎక్కువమంది రెండోదే అనుకుంటారు. ఈ సబ్జెక్టు మీద ఆసక్తి అక్కడితో సరి.

ఆ అయిదు కోట్ల పాపం కీన్స్‌ది కాదు. ఆ గుణకాన్ని 1931లో కీన్స్ శిష్యుడు రిచర్డ్ కాన్ లెక్కగట్టినప్పుడే పొదుపు, దిగుమతులు, ఆగిపోయే నిరుద్యోగ భృతి లాంటి, డబ్బు జారిపోయే కన్నాలన్నీ అందులో ఉన్నాయి. మన దగ్గరికి వచ్చేసరికి సూత్రం మిగిలింది, షరతులు రాలిపోయాయి. ఆ షరతుల్ని, వాటిమీద 90 ఏళ్లుగా సాగిన తగువుని సిలబస్‌లోకి మళ్లీ తెమ్మని అడగడానికే ఈ లేఖ.

పై లెక్కనే కన్నాలతో సహా వేసి చూద్దాం. ఊళ్లో ఒకరి చేతిలో 100 రూపాయల కొత్త ఆదాయం పడింది. రకరకాల పన్నుల కింద 10 పోయిందనుకుందాం. ఆదాయపు పన్నే కానక్కర్లేదు, సబ్బుబిళ్ల మీద కట్టే జీఎస్టీ కూడా పన్నే. మిగిలిన 90లో 0.8 వంతు, అంటే 72 రూపాయలు ఖర్చవుతాయి. ఆ 72లో 40 రూపాయలు మండలం బయట తయారైన సరుక్కి పోతే, ఊళ్లో ఇంకొకరి ఆదాయంగా మారేది 32. రెండో వరసలో అది 10 రూపాయల 24 పైసలు, మూడో వరసలో 3 రూపాయల 28 పైసలు, నాలుగో వరసలో రూపాయి అయిదు పైసలు. అక్కడికి నీళ్లు ఇంకిపోయినట్టే. అన్నీ కూడితే 147 రూపాయల చిల్లర. గుణకం 1.47.

ఇప్పుడు కోటి రూపాయల రోడ్డు సంగతి. 2005 ఉపాధి హామీ చట్టం పెట్టిన నిష్పత్తి ప్రకారం కూలికి 60 శాతానికి తగ్గకూడదు, సామగ్రికి 40 దాటకూడదు. ఆ లెక్కన కూలి 60 లక్షలు, సామగ్రి 40 లక్షలు. సామగ్రిలో సిమెంటు, ఇనుము, యంత్రాల అద్దె కింద 30 లక్షలు మొదటి వారమే మండలం పొలిమేర దాటాయనుకోండి. ఊళ్లో పడ్డ తొలి ఆదాయం 70 లక్షలు. దాన్ని 1.47తో హెచ్చవేస్తే కోటీ మూడు లక్షలు. ఒకే రోడ్డుకు ఒక లెక్కలో అయిదు కోట్లు, ఇంకో లెక్కలో కోటీ మూడు లక్షలు! ఈ తేడా ఎందుకొచ్చిందో విద్యార్థి నోటితో చెప్పగలిగితే యూనిట్‌లో సగం వచ్చినట్టే.

దీన్నే చిన్న క్షేత్రపని కింద పెట్టవచ్చు. పది ఇళ్లు, ఒక వారం ఖర్చు, ఒక నోటుబుక్కు. ప్రతి ఖర్చు పక్కన 'లోపల', 'బయట' అని రాయాలి. ఇక్కడ విద్యార్థులు తప్పకుండా పడే గుంట ఒకటుంది. నూనె ప్యాకెట్ ఊళ్లో అంగట్లోనే కొన్నారు కాబట్టి మొత్తం ధరను 'లోపల' గడిలో వేస్తారు. నిజానికి 150 రూపాయల ప్యాకెట్‌లో ఊళ్లో మిగిలేది అంగడాయన లాభం, ఏ ఏడెనిమిది రూపాయలో. మిగతాది నూనె మిల్లుకూ, రవాణాకూ, దిగుమతైన నూనెకూ పోతుంది. ఫోన్ రీఛార్జి దాదాపు మొత్తం బయటే. క్షౌరం, కుట్టుకూలి, ఇడ్లీబండి, పక్కింటి పాలు దాదాపు మొత్తం లోపలే. గడులు ఇలా సరిచేశాక 'లోపల' వాటా సగానికి పడిపోతే ఆశ్చర్యం లేదు. బస్సు టికెట్టు, ప్రైవేటు స్కూలు ఫీజు లాంటివి తగవు పెడతాయి. ఆ తగవును క్లాసులోనే తేల్చనివ్వండి, ఉపాధ్యాయుడు ముందే తీర్పు చెప్పకూడదు.

దీనికి ఎదురు గుంట కూడా ఉంది. మండలానికి కన్నమైంది దేశానికి కన్నం కాదు. సిమెంటుకు పోయిన డబ్బు ఇంకో జిల్లాలో ఎవరికో జీతమే. కాబట్టి గుణకం ఎంత అని అడిగేముందు ఎవరి ఆదాయం, ఎంత కాలంలో అని అడగాలి. దేశం మొత్తానికి 2013లో సుకన్య బోస్, ఎన్.ఆర్.భానుమూర్తి లెక్కగడితే మూలధన వ్యయానికి గుణకం 2.45 వచ్చింది, బదిలీ చెల్లింపులకు 0.98. రెండంకెలూ అయిదుకు చాలా దూరం. ఒకటికొకటీ దూరమే. రోడ్డు మీద పెట్టిన రూపాయీ, చేతికి పంచిన రూపాయీ ఒకేలా నడవవని ఆ రెండంకెలు చెబుతాయి. మన పాఠంలో రూపాయికి రంగూ రుచీ లేవు.

కాలం సంగతి కూడా పాఠంలో లేదు. 0.8 ప్రవృత్తితో కన్నాలే లేవనుకున్నా, పది వరసలు తిరిగాక 100 రూపాయలు 446 అవుతాయి, 500 కావు. ఒక్కో వరసకు మూడు నెలలు పడితే పది వరసలకు రెండున్నరేళ్లు. మధ్యలో కూలి డబ్బు ఆగితే? ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో ఇమ్మంది, 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం పెట్టింది. 300 రూపాయల కూలి మీద అది రోజుకు 15 పైసలు. ఆ లోపల కూలీ అంగట్లో అరువు పెడతాడు. డబ్బు పడ్డ రోజున అరువుతోపాటు వడ్డీ కూడా తీరుస్తాడు. మొదటి వరస ఖర్చు అరువు రూపంలో ముందే జరిగిపోయింది కాబట్టి అది పోలేదు. పోయింది వడ్డీ, అది కూలీ చేతిలోంచి అప్పిచ్చినవాడి చేతికి మారింది. అప్పిచ్చినవాడు తన ఆదాయంలో దాచేపాలు కూలీ కంటే ఎక్కువ. ఒక ఆలస్యం ప్రవృత్తినే మార్చేస్తుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక వి.కె.ఆర్.వి.రావు. కేంబ్రిడ్జిలో కీన్స్ ఉన్న రోజుల్లో చదివి, భారత జాతీయాదాయం మీద డాక్టరేటు చేసిన మనిషి. 1952లో ఇండియన్ ఎకనమిక్ రివ్యూలో ఆయన రాసిన వ్యాసం, ఈ గుణకం మనలాంటి దేశంలో ఎందుకు పనిచేయదో చెప్పింది. మన సిలబస్‌లలో ఆయన పేరు వస్తే గిస్తే 'కీన్స్ సిద్ధాంతం - అల్పాభివృద్ధి దేశాలకు వర్తింపు' అనే చివరి పాయింటులో ఒక వాక్యంగా వస్తుంది. అంత తేలిగ్గా దాటేసే వ్యాసం కాదది.

గుణకం పనిచేయాలంటే నాలుగు ఉండాలన్నారు రావు: పని దొరక్క ఖాళీగా ఉన్న అనిచ్ఛా నిరుద్యోగులు, డిమాండు పెరిగితే ఉత్పత్తి పెంచగల పారిశ్రామిక వ్యవస్థ, వినియోగ వస్తువుల ఫ్యాక్టరీల్లో వాడకుండా పడి ఉన్న సామర్థ్యం, సులువుగా దొరికే నిర్వహణ మూలధనం (ముడిసరుకుకూ కూలికీ చేతిలో ఉండాల్సిన డబ్బు). 1952 భారతదేశంలో ఉన్నది ప్రచ్ఛన్న నిరుద్యోగిత. అందరికీ ఏదో ఒక పని ఉంది, పనికి తగిన ఫలితం లేదు. సొంత చేనున్న రైతుకు రాబడి పెరిగితే ముందు కడుపునిండా తింటాడు, సంతకు తెచ్చే ధాన్యం తగ్గుతుంది. డిమాండు పెరుగుతుంది, సరుకు రాదు, ధర పెరుగుతుంది. డబ్బు రూపంలో గుణకం కనిపిస్తుంది, సరుకు రూపంలో కనిపించదు.

నెల్లూరు డెల్టాలో దీన్ని చూపించడం ఎంత సులువో చూడండి. మాఘమాసంలో బియ్యానికి గిరాకీ రెట్టింపైనా పొలంలో ఉన్న పైరు రెట్టింపవదు. అదనపు పంటకు సోమశిలలో నీళ్లుండాలి, నారు పోయాలి, నాలుగైదు నెలలు ఆగాలి. అయితే రావు వాదనను కూడా గుడ్డిగా అప్పజెప్పించకూడదు. ఆయన రాసినప్పుడు ప్రభుత్వం చేతిలో ఇంత ధాన్యం లేదు. ఇప్పుడు గిడ్డంగుల్లో బియ్యం నిల్వలున్నాయి, కాబట్టి బియ్యం విషయంలో ఆయన పెట్టిన అడ్డు చాలావరకు సడలింది. కందిపప్పు, పాలు, కూరగాయల విషయంలో సడలలేదు. ఏ సరుకులో అడ్డు ఉందో, ఏ సరుకులో లేదో పిల్లల చేత రాయించండి. మంచి పది మార్కుల ప్రశ్న అవుతుంది.

కీన్స్ 1936లో అచ్చువేసిన 'జనరల్ థియరీ' పుస్తకంలో అసలేముందో చెప్పే గంట ఒకటైనా ఉండాలి. గుంటలు తవ్వి పూడ్చినా ఉద్యోగాలొస్తాయని కీన్స్ సలహా ఇచ్చినట్టు నోట్సుల్లో తిరుగుతోంది. పదో అధ్యాయంలో ఉన్నది వెటకారం. పాత సీసాల్లో నోట్లు నింపి, పాడుబడ్డ బొగ్గుగనుల్లో పాతిపెట్టి, పైన ఊరి చెత్త పోసి, తవ్వుకునే హక్కు ప్రైవేటు వాళ్లకిస్తే నిరుద్యోగం పోతుంది కదా అంటాడు. వెంటనే, ఇళ్లు కట్టడం దీనికంటే తెలివైన పని అనీ, దానికి రాజకీయ అడ్డంకులుంటే ఏమీ చేయకపోవడం కన్నా ఇదే నయమనీ అంటాడు. రెండో సగం కత్తిరించి నోట్సులో పెడితే మిగిలేది వేళాకోళమే.

ద్రవ్యత్వపు వల విషయమూ అంతే. వడ్డీ బాగా తగ్గిపోయాక ఎంత డబ్బు వదిలినా జనం చేతిలోనే ఉంచుకునే పరిస్థితి అది. ఆ పేరు కీన్స్ పెట్టింది కాదు, ఆనక డి.హెచ్.రాబర్ట్‌సన్ రాతల్లోంచి వచ్చింది. కీన్స్ ఆ పరిస్థితిని ఒక అవకాశంగా చెప్పి, ఇప్పటివరకు అలాంటి ఉదాహరణ తన ఎరుకలో లేదని రాశాడు. మన జవాబుపత్రాల్లో మాత్రం అది 1930ల నాటి రుజువైన సంగతి.

అనువాదం చేసిన చిక్కు వేరే. 'సార్థక డిమాండ్' అనగానే పిల్లలు కొనగలిగే శక్తి ఉన్న కోరిక అని రాస్తారు. అది సూక్ష్మ అర్థశాస్త్రంలో చదివిన డిమాండు నిర్వచనం. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఉత్పత్తిదారులు తమ సరుకు అమ్మితే వస్తుందని ఆశించే రాబడి, అంతమందికి పని ఇవ్వడానికి తమకు రావాల్సిన రాబడి ఏ స్థాయిలో సమానమవుతాయో ఆ స్థాయి అది. అందులో ఉన్నది ఆశ. 'మూలధన ఉపాంత సామర్థ్యం' దగ్గర ఇంకా చిక్కు. దాన్ని 'ఉత్పాదకత' అని అనువదించిన చోటల్లా పిల్లలు యంత్రం ఎంత సరుకు తీస్తుందో అని రాస్తారు. అది ఒక రేటు. ముందు ముందు రాగలవనుకునే రాబడుల్ని ఈనాటి విలువకు తగ్గిస్తే యంత్రం కొన్న ఖర్చుకు సరిగ్గా సమానం చేసే వడ్డీ రేటు.

రొయ్యల చెరువు తీరుస్తుంది ఈ చిక్కును. ఒక రైతు లక్ష రూపాయలతో, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు పెడదామనుకున్నాడు. ఖర్చులు పోను ఏటా 60 వేల చొప్పున రెండేళ్లు వస్తుందని ఆశ. ఆ లెక్కకు మూలధన ఉపాంత సామర్థ్యం 13 శాతం చిల్లర. బ్యాంకు వడ్డీ 10 అయితే పెట్టుబడి పెడతాడు. ధర కాస్త తగ్గేలా ఉందని తెలిసి ఆశ 60 వేల నుంచి 55 వేలకు దిగింది. అంతే, రేటు 6.6 శాతానికి పడిపోయింది. ఆశ పన్నెండో వంతు తగ్గితే రేటు సగమైంది. ఇప్పుడు బ్యాంకు వడ్డీని 10 నుంచి 9కి తగ్గించినా అతను ఏరేటర్ల వైపు చూడడు.

ఇది ఊహాలెక్కే కానీ గాలిలోంచి పుట్టింది కాదు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 శాతం నుంచి 5.5కు తగ్గించింది. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించింది. ఒకే ఏడాదిలో వడ్డీ దిగింది, ఎగుమతి మీద ఆశా దిగింది. నెల్లూరు తీరంలో చెరువు వేసేవాడిని కదిలించింది ఆ రెండింటిలో ఏది? కీన్స్ పుస్తకంలో ఆశల గురించిన పన్నెండో అధ్యాయాన్ని ఈ ప్రశ్నతో మొదలుపెడితే చాలు, వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

ఈ ఆశ సంగతే తర్వాతి కాలంలో పాఠం నుంచి జారిపోయింది. 1937లో జాన్ హిక్స్ కీన్స్ వాదనను రెండు గీతల బొమ్మలో పెట్టాడు, ఒకటి సరుకుల మార్కెట్టుకు (ఐఎస్), ఇంకొకటి ద్రవ్యానికి (ఎల్ఎం). అమెరికాలో ఆల్విన్ హాన్సెన్ దాన్ని ఐఎస్-ఎల్ఎం పేరుతో ప్రచారం చేశాడు. 1948లో పాల్ శామ్యూల్సన్ పాఠ్యపుస్తకం, ఖర్చూ ఆదాయమూ సమానమయ్యే చోట్లను చూపే 45 డిగ్రీల గీతను ప్రపంచమంతటా తరగతి గదుల్లోకి తెచ్చింది. దానికి ఏడాది ముందే, కేంబ్రిడ్జిలో కీన్స్ పాఠాలు విన్న లోరీ టార్షిస్ పుస్తకం వచ్చింది. అది వామపక్ష ప్రచారమని అమెరికాలో గోల లేచింది, కాలేజీల మీద ఒత్తిడి వచ్చింది, పుస్తకం కనుమరుగైంది. పాఠ్యపుస్తకం అంటే నలుగురు పెద్దలు కూర్చుని ఏరిన నిజం అనుకునే పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పాలి.

బొమ్మ గీసిన హిక్స్ 1980ల మొదట్లో, అది తరగతి గది పనిముట్టేననీ, దానికంటే మంచిది వచ్చాక పక్కకు తప్పుకోవాల్సిందనీ తనే రాశాడు. మనం ఇంకా తప్పించలేదు. పూర్తిగా తీసేయమని మేమూ అనం. కానీ ఎల్ఎం గీత వెనక ఉన్న ఊహ, కేంద్ర బ్యాంకు ద్రవ్య సప్లయిని బిగించి పెడుతుందని. 2016 నుంచి మన దగ్గర ద్రవ్య విధాన కమిటీ కూర్చుని నిర్ణయించేది రెపో రేటు, లక్ష్యం 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ రెండు. రేటును బ్యాంకు నిర్ణయిస్తే ద్రవ్య సప్లయి దాని వెనక నడుస్తుంది. డేవిడ్ రోమర్ 2000లో ఎల్ఎం స్థానంలో రేటు గీత పెట్టి చూపించాడు. పేపరు మీద మార్పు ఒక గీతే. పిల్లవాడు మర్నాడు పేపర్లో రిజర్వు బ్యాంకు వార్త చదివితే అర్థమవుతుంది.

పరికరం ఒకటి సూచిస్తాం. బిల్ ఫిలిప్స్ అనే న్యూజీలాండ్ ఇంజనీరు 1949లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో రంగునీళ్లు, తొట్లు, గొట్టాలతో ఆర్థిక వ్యవస్థ యంత్రం తయారుచేశాడు. మనకు అంత అక్కర్లేదు. 20 లీటర్ల వాటర్ క్యాన్ మూత వైపు కోసి, అడుగున మూడు కన్నాలు పెట్టి, పొదుపు, పన్ను, బయటి కొనుగోళ్లు అని రాయండి. పైనుంచి కుళాయి సన్నగా వదిలితే కొంతసేపటికి నీటిమట్టం ఒకచోట నిలుస్తుంది. ఒక కన్నం పెద్దది చేస్తే మట్టం దిగుతుంది, కుళాయి పెంచితే ఎక్కుతుంది. సమతౌల్యం అంటే నీళ్లు ఆగిపోవడం కాదు, వచ్చేదీ పోయేదీ సమానమవడం అన్నది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఒక జాగ్రత్త: మట్టం కొలిచి గుణకం లెక్కగట్టించకండి. కన్నంలోంచి పోయే నీరు ఎత్తుకు కాదు, ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. కుళాయి రెట్టింపు చేస్తే మట్టం నాలుగింతలు ఎక్కుతుంది. సైన్సు పిల్లలు పట్టేస్తారు.

ఆ ఫిలిప్సే 1958లో, బ్రిటన్‌లో 1861 నుంచి 1957 దాకా నిరుద్యోగానికీ కూలి పెరుగుదలకూ ఉన్న పొంతన గీశాడు. అది రెండేళ్లలో అమెరికాలో, కాస్త ద్రవ్యోల్బణం ఓర్చుకుంటే కాస్త నిరుద్యోగం తగ్గుతుందనే బేరంగా మారింది. జనం ధరల పెరుగుదలను ముందే ఊహించడం మొదలుపెడితే ఆ బేరం చెల్లదని 1967 చివర్లో మిల్టన్ ఫ్రీడ్‌మన్, అదే రోజుల్లో ఎడ్మండ్ ఫెల్ప్స్ చెప్పారు. 1973 చమురు దెబ్బకు ద్రవ్యోల్బణం, నిరుద్యోగం రెండూ కలిసి పెరిగాయి. విధానం మారితే జనం ఆశలూ మారతాయి కాబట్టి పాత లెక్కలు పనికిరావని రాబర్ట్ లూకస్ 1976లో విమర్శ ఎక్కుపెట్టాడు, నూతన కీన్సియన్లు 1980లలో ధరలెందుకు వెంటనే మారవో వెతికారు. ఈ భాగం సిలబస్‌లలో ఏదో ఒక రూపంలో ఉంది, ఇంకా పొడిగించనక్కర్లేదు. ఫిలిప్స్ రేఖను భారతదేశపు అంకెలతో గీయించే అలవాటు మాత్రం మానండి. మన ద్రవ్యోల్బణంలో వాన, ఉల్లిపాయ, చమురు ఎంత ఉన్నాయో, మన నిరుద్యోగ అంకెలో పనిలేక ఏదో ఒక పని చేసేవాళ్లు ఎంతమంది దాక్కున్నారో చెప్పకుండా గీత గీయిస్తే రావు 1952లో చెప్పింది మళ్లీ మరచినట్టే.

అమెరికా ఆర్థికవేత్త హైమన్ మిన్‌స్కీకి మాత్రం ఒక గంట కేటాయించండి. ఆయన చెప్పిన మూడు రకాల అప్పు మన జిల్లాల్లో కంటికి కనిపిస్తుంది. పంట అమ్మిన డబ్బుతో అసలూ వడ్డీ తీర్చే రైతు ఒకరు. వడ్డీ కట్టి, అసలును వచ్చే పంటకు తిప్పే రైతు ఇంకొకరు. మేత డీలరు దగ్గర అరువు తీర్చడానికే ఇంకోచోట అప్పు చేసి, ధర పెరుగుతుందనే ఒక్క ఆశ మీద చెరువు నడిపేవారు మూడోవారు. మంచి కాలం ఎక్కువ రోజులు సాగితే మొదటివారు రెండోవారుగా, రెండోవారు మూడోవారుగా జారతారు, కూలడం ఆ మంచి కాలంలోనే మొదలవుతుందనేది మిన్‌స్కీ వాదన. 2008 తర్వాత ప్రపంచం ఈయన్ని వెతుక్కుంటూ వెళ్లింది.

మన ప్రభుత్వ విధానాల చరిత్ర ఈ యూనిట్‌లో లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోటు. రెండో ప్రణాళిక 4,800 కోట్లలో 1,200 కోట్లు లోటు ద్రవ్యంతో, అంటే కొత్తగా ముద్రించే డబ్బుతో నింపుతామంది. ప్రణాళికకు సలహా ఇచ్చిన ఆర్థికవేత్తల సంఘంలో బి.ఆర్.షెనాయ్ ఒక్కరే, అంత లోటు వద్దని 1955లో అసమ్మతి పత్రం రాశారు. 1957 నాటికి విదేశీ మారకం కటకటలాడింది. కేంద్రం తోచినప్పుడల్లా తాత్కాలిక ట్రెజరీ బిల్లులతో రిజర్వు బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే పద్ధతి 1997లో ఆగింది. 2003లో ద్రవ్యలోటుకు చట్టం కంచె వేసింది. 2008-09లో 2.5 శాతం అనుకున్న లోటు 6 శాతానికి చేరింది, 2020-21లో 9.2 శాతమైంది. ఈ రెండు లోట్లూ ఒకటి కావు. 2008లో పడిపోయింది గిరాకీ. 2020 వేసవిలో గిరాకీతోపాటు అంగడి తలుపూ మూతపడింది. తలుపు మూసిన చోట రూపాయి రెండో చేతికి వెళ్లదు. అప్పుడిచ్చిన బియ్యం, నగదు ప్రాణం నిలిపేందుకే, గుణకం తిరిగేందుకు కాదు. ఈ తేడా రాయించండి.

లోటు పెంచడమే కీన్స్ అనుకునేవాళ్ల కోసం ఇంకొక్కటి. 1940లో యుద్ధపు ఖర్చు పైనబడినప్పుడు అదే కీన్స్, జనం చేతిలో డబ్బు తగ్గించాలనీ, జీతంలో కొంత పట్టి ఉంచి యుద్ధం అయ్యాక ఇవ్వాలనీ చిన్న పుస్తకం రాశాడు. సరుకు కొరత ఉన్నప్పుడు ఒక మందు, గిరాకీ కొరత ఉన్నప్పుడు ఇంకో మందు.

మన తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువతో ఈ యూనిట్ మొదలుపెట్టవచ్చు. 1877-78 కరువులో మద్రాసు దగ్గర అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కను కరువు పనిగా తవ్వించారు, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఆ కరువులోనే ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ప్రభుత్వం డబ్బు పెట్టి పని కల్పించింది, మరి అది కీన్స్ విధానమేనా? కాదు. కూలి ఎంత తగ్గిస్తే మనిషి బతికుంటాడన్నది అక్కడి లెక్క. కూలి ఎంత ఖర్చయితే ఇంకొకరికి పని దొరుకుతుందన్నది కీన్స్ లెక్క. చేతిలో పలుగు ఒకటే, ఖాతా పుస్తకం వేరు. కీన్స్ 1906 నుంచి 1908 వరకు లండన్‌లో ఇండియా ఆఫీసులో గుమాస్తాగిరీ చేశాడు, 1913లో మన కరెన్సీ మీద పుస్తకం రాశాడు, ఈ దేశంలో మాత్రం ఎన్నడూ కాలుపెట్టలేదు. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా మన పాఠం ఆయన్ని పరాయివాడిగానే పరిచయం చేస్తుంది.

పొదుపు వైపరీత్యం పాఠం చెప్పేటప్పుడు నెల్లూరు పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దూబగుంట గ్రామం నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఈ జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి కూడబెట్టారు. అందరూ పొదుపు చేస్తే ఆదాయం తగ్గుతుందని కీన్స్ అంటే, వాళ్లు చేసింది తప్పా? జవాబు పాఠంలోనే ఉంది, కాని షరతుల్లో ఉంది. సంఘంలో వేసిన రూపాయి పెట్టెలో కూర్చోలేదు. నెల తిరక్కుండా ఇంకో సభ్యురాలికి గేదెకో, కుట్టుమిషనుకో, ఆస్పత్రికో అప్పుగా వెళ్లింది. వైపరీత్యం పుట్టేది దాచిన డబ్బు ఎవరి పెట్టుబడిగానూ మారనప్పుడు. పైగా ఆ రూపాయి అంతకుముందు సారా అంగడికి పోయేది, అక్కడినుంచి ఊరి బయటికి. అంటే వాళ్లు ఒక కన్నం పూడ్చి, దాన్ని ఊళ్లోకే తిప్పారు. ఈ జవాబును 15 మార్కులకు రాయించవచ్చు.

గంటల లెక్కలోకి వస్తే, ఇలాంటి యూనిట్‌కు 12 గంటలు దొరుకుతాయనుకుని చెబుతున్నాం. కాలువకూ, సప్లయే తన డిమాండును పుట్టిస్తుందనే సే మార్కెట్ సూత్రానికీ కలిపి ఒకటి. సార్థక డిమాండ్‌కు రెండు. కన్నాలతో గుణకానికి రెండు, నోటుబుక్కు లెక్క తేల్చడానికి ఒకటి. మూలధన ఉపాంత సామర్థ్యానికీ ఆశలకూ ఒకటి. రెపో రేటుతో సరిచేసిన ఐఎస్ బొమ్మకు ఒకటి. రావుకు, షెనాయ్‌కి కలిపి రెండు. 1958 నుంచి 1980ల దాకా ఒకటి. మిన్‌స్కీకి ఒకటి. మొత్తం పన్నెండు. ఇందుకోసం ఏదైనా తీసేయాలంటే వినియోగ ఫలానికి (ఆదాయానికీ వినియోగానికీ ఉన్న సంబంధానికి) బీజగణిత రుజువులు, ద్రవ్యత్వాభిరుచికి (డబ్బు చేతిలో ఉంచుకోవాలనే కోరికకు) మూడు ఉద్దేశాల వివరణ కుదించండి. అవి ఇంటర్‌లోనే చదివి వస్తారు.

ప్రశ్నపత్రం మారకపోతే సిలబస్ మారినా ఒరిగేదేమీ లేదు, మీకు తెలియంది కాదు. సూత్రం అడిగే నాలుగు మార్కుల ప్రశ్నను తీసేయనక్కర్లేదు, ఒక్క వాక్యం చేర్చండి: 'ఈ జవాబు ఏ షరతుల మీద నిజమవుతుంది? మీ మండలంలో వాటిలో ఏవి లేవు?' మూల్యాంకన సూచనల్లో, అయిదు అని రాసి షరతులు రాయనివారికి రెండు మార్కులు, 1.47 అని రాసి కన్నాలు పేర్కొన్నవారికి నాలుగు అని స్పష్టంగా ముద్రించండి. దిద్దేవారికి అది చేతిలో లేకపోతే పాత అలవాటునే దిద్దుతారు. నమూనా ప్రశ్నలు ఇరవై, వాటి జవాబు సూచనలతో సహా, మేం తయారుచేసి పెట్టాం. మీ తదుపరి సమావేశానికి పదిరోజుల ముందు కబురు చేస్తే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కళాశాలల ఆర్థికశాస్త్ర అధ్యాపకులు కొందరు